ఒక్క ఊపిరికి ఆళ్లగడ్డ దాకా

మా ఆయనది ఆళ్లగడ్డలో దేవుడి విగ్రహాలు చెక్కే ఇల్లు. నేను నంద్యాలలో ఒక హైస్కూల్లో తెలుగు టీచర్ని. పెళ్లయిన కొత్తలో రోజూ ఆళ్లగడ్డ నుంచి బస్సులో తిరిగేదాన్ని. ఏడాది తిరక్కముందే ఒళ్లు హూనమై, నంద్యాలలో ఒక మేడ మీద రెండు గదులు అద్దెకు తీసుకున్నాం. మా ఆయన వారంలో సగం రోజులు నా దగ్గర, సగం రోజులు ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే షెడ్డు దగ్గర ఉండేవాడు.

వేరే కాపురం పెట్టినందుకు మా అత్త ఏమీ అనలేదు. ఆమె ఏ విషయానికీ పెద్దగా ఏమీ అనేది కాదు. మామయ్య పోయినప్పటి నుంచి షెడ్డు పెత్తనం ఆమెదే. పనివాళ్లు వచ్చేసరికి ఏ రాయి ముందో ఏది తర్వాతో తేల్చి చెప్పి, ఇక సాయంత్రం దాకా చెక్కడం అయిన విగ్రహాల మీద నీళ్లు పోస్తూ, సానరాయితో రుద్దుతూ కూర్చునేది. నేను వెళ్తే "వచ్చినావా" అనేది. బయల్దేరుతుంటే "పోతాండావా" అనేది. ఆ రెండు మాటల మధ్య కడుపునిండా అన్నం పెట్టేది. మా ఇద్దరికీ తగువు లేదు, చనువూ లేదు.

పెళ్లయిన మూడో వేసవిలో ఒడిశా సరిహద్దు దాటి ఒక పల్లెకు ఆంజనేయుడి విగ్రహం చేర్చాల్సి వచ్చింది. బడికి సెలవులు. నేనూ వస్తానన్నాను. వరిగడ్డి పరుపు మీద విగ్రహాన్ని పడుకోబెట్టి, తాళ్లతో కట్టి, లారీ క్యాబిన్‌లో డ్రైవరు పక్కన మేమిద్దరం కూర్చున్నాం. అంత దూరం నేనెప్పుడూ పోలేదు. భాష తెలియని ఊరివాళ్లు మేళాలతో ఎదురొచ్చి, విగ్రహం కంటే ముందు మా ఆయన చేతులకు దండం పెట్టారు. ఆ ప్రయాణంలో నాకు అన్నిటికంటే బాగా గుర్తున్నది అదే.

వచ్చేటప్పుడు దారిలో ఎక్కడెక్కడో తిన్నాం. ఒక చోట ఐసు వేసిన షర్బత్, ఒక చోట ఎవరో పిలిచి ఇచ్చిన పాలు, సీసా నీళ్లు అయిపోయాక చేతిపంపు నీళ్లు. ఏది పడలేదో ఇప్పటికీ తెలీదు. ఇల్లు చేరేసరికి ముగ్గురికీ కడుపులో మెలిపెట్టే నొప్పి, జ్వరం, విరేచనాలు. డ్రైవరు రెండు మాత్రలతో లేచి తిరిగాడు. మా ఆయనకూ తగ్గింది. కాస్త ఆలస్యంగా నాకూ తగ్గింది. బడులు తెరిచేనాటికి ఆ సంగతే మర్చిపోయాను.

మొదట అరికాళ్లలో తిమ్మిరి పట్టింది. చాలాసేపు బాసింపట్టు వేసుకుని కూర్చుని లేచినట్టుండేది, ఎంత విదిలించినా పోయేది కాదు. రోజంతా నిలబడి పాఠం చెప్పినందుకేమో అనుకున్నాను. మర్నాడు సాయంత్రం మేడ మెట్లెక్కుతుంటే సగంలో కాళ్లు ఆగిపోయాయి. నొప్పి లేదు, బరువూ లేదు. ఎక్కమంటే ఎక్కడం లేదు, అంతే. రెయిలింగు పట్టుకుని అక్కడే కూర్చుండిపోయాను. కింద ఇంటివాళ్లు పైకి చేర్చారు. మరుసటి రోజు చెంబు ఎత్తబోతే చేతిలోంచి జారి వంటింటి గచ్చంతా నీళ్లయ్యాయి.

దగ్గర్లో చూపిస్తే విరేచనాల నీరసం అని సెలైన్ ఎక్కించారు. అయినా మరింత కుంగాను. అప్పుడు మా ఆయన నన్ను చేతుల మీద ఎత్తుకుని నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. ఆమె నాకంటే చిన్నదిలా కనిపించింది. చిన్న సుత్తి తీసి నా మోకాలి కింద కొట్టింది. కాలు కదల్లేదు. రెండో కాలూ కదల్లేదు. చీలమండల దగ్గర, మోచేతుల దగ్గర కొట్టింది. సుత్తి పక్కన పెట్టి, ఈ మధ్య ఎక్కడికైనా ప్రయాణం చేశారా, కడుపు చెడిందా అని అడిగింది. కాళ్లకూ కడుపుకూ ఏం సంబంధమో మాకు అర్థం కాలేదు. వెంటనే చేరమంది. వెన్నులోంచి నీళ్లు తీశారు, నరాల మీద కరెంటు పరీక్షలు చేశారు. సాయంత్రానికి రోగం పేరు చెప్పింది, గులియన్ బారీ సిండ్రోమ్ అని.

మా అత్త మరుసటి పొద్దున మొదటి బస్సుకే దిగింది. గుడ్డసంచిలో రెండు చీరలు, ఒక చెంబు. మంచం పక్కన నిలబడి నన్ను తలనుంచి కాళ్లదాకా ఒకసారి చూసింది. కొడుకును చూసి, "నువ్వు పోయి షెడ్డు చూసుకో. ఈడ నేనుంటా" అంది. మా ఆయన నసిగాడు. ఆమె అప్పటికే సంచి మంచం కింద తోసేసింది.

డాక్టరమ్మ వచ్చినప్పుడు మా అత్త నిలదీసినట్టే అడిగింది. భేదులకు కాళ్లు పడిపోవడమేందని. ఆ డాక్టరమ్మలో నాకు నచ్చింది, విసుక్కోలేదు. స్టూలు లాక్కుని కూర్చుంది. ప్రయాణంలో తిన్నదాంట్లోనో తాగినదాంట్లోనో ఒక సూక్ష్మజీవి లోపలికి పోయిందని, ఈ రోగం ముందు ఎక్కువగా కనబడేది కాంపైలోబాక్టర్ అని, ఇప్పుడది కడుపులో లేదు కాబట్టి అదేనని ఖాయంగా చెప్పలేనని అంది. లక్షల మందికి వచ్చి పోతుంది, ఎక్కడో ఒకరికి మాత్రం ఇట్లా తిరగబడుతుందట. ఆ జీవి పైపొర, మన నరాల పైపొర చూడ్డానికి ఒకే తీరుగా ఉంటాయట. దాన్ని చంపడానికి ఒంట్లో తయారైన మందే ఇప్పుడు నరాలను తింటోందట.

మా అత్త కాసేపు ఆలోచించింది.

"అంటే మొకం పోలిక చూసి, ఒకర్ని కొట్టబోయి ఇంకొకర్ని కొడ్తాందన్నమాట."

"అంతేనమ్మా."

"నిలబడ్తాదా, ఇంకా పైకి పోతాదా?"

ఇంకొన్నాళ్లు పైకి పోతుందని, తర్వాత ఆగుతుందని, ఆగాక వెనక్కి మళ్లుతుందని డాక్టరమ్మ చెప్పింది. భయమంతా ఊపిరి గురించేనంది. ఊపిరి తీసే కండరాల దాకా పోతే మిషను పెట్టాలి. "దాచి చెప్పడం లేదమ్మా. కానీ ఎక్కువ మంది లేచి నడుస్తారు" అంది. మా అత్త తలూపింది. ఆ రోజే మందు మొదలుపెట్టారు. ఎవరెవరో ఇచ్చిన రక్తంలోంచి తీసిన మందది, బొట్టు బొట్టుగా నా నరంలోకి దిగేది.

ఊపిరి ఎంతుందో తెలుసుకోవడానికి డాక్టరమ్మ పొద్దున, సాయంత్రం వచ్చి, గాలి నిండా పీల్చి ఒక్క ఊపిరికి ఎన్ని అంకెలు చెప్పగలవో చెప్పమనేది. అంకెలు లెక్కపెడుతుంటే ఎక్కడ ఆగిపోతానోనని నాకు గుండె దడ. ఇది మా అత్త కనిపెట్టింది. డాక్టరమ్మ వెళ్లాక మంచం మీదికి వంగి, అంకెలొద్దు, బస్సు కండక్టరు మాదిరి ఊర్లు చెప్పమంది. నంద్యాల, అయ్యలూరు మెట్ట, దీబగుంట్ల, శిరివెళ్ల మెట్ట, నల్లగట్ల, ఆళ్లగడ్డ. రోజూ తిరిగిన దారి కదా, ఆలోచించకుండానే నోటికొచ్చేది. మొదటి రోజు ఊపిరి మధ్యలో తీసుకోకుండా ఆళ్లగడ్డ చేరాను. తర్వాత నల్లగట్లతో ఆగిపోయాను. ఆ తర్వాత శిరివెళ్ల మెట్ట. డాక్టరమ్మకు చెబితే నవ్వి, మీ లెక్క మీరు చూసుకోండి, నా లెక్క నేను చూసుకుంటాను, ఎక్కడ తగ్గినా నన్ను పిలవండి అంది.

ఈలోగా ముఖం కూడా పోయింది. పెదవులు రెండు పక్కలా వేలాడాయి. నవ్వలేను, ఉమ్మలేను. కళ్లు మూతపడవు. నిద్రలోనూ తెరిచే ఉంటాయి. నన్ను చూడ్డానికొచ్చిన బంధువులు నా ఎదుటే గొంతు తగ్గించి, పాపం ఏమీ తెలియడం లేదనుకుని, ఏమేమో మాట్లాడుకునేవాళ్లు. నాకన్నీ తెలిసేవి. ఒక్క అక్షరం పోకుండా వినబడేవి.

మా అత్త వాళ్లను బయటికి పంపేసింది. గంటగంటకూ కళ్లలో చుక్కలు వేసి, రెప్పలను వేళ్లతో దించి, పట్టుకుని కూర్చునేది. ఏళ్ల తరబడి రాయి రుద్ది ఆ వేళ్ల చివర్లు గరుకుగా ఉండేవి. రెప్ప మీద మాత్రం ఆనీ ఆననట్టు ఆనేవి. కళ్లు మూసి, మాట్లాడ్డం మొదలుపెట్టేది. సంవత్సరాలుగా రెండు మాటలు దాటని మనిషి, పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా మాట్లాడేది. షెడ్డులో ఏ రాయిలో పగులు బయటపడిందో, ఏ పనివాడు అలిగాడో, సంజామల నుంచి వచ్చిన రైతులు నందికి కొమ్ములు చిన్నవయ్యాయని ఎట్లా గొడవపడ్డారో, తను పెళ్లయి వచ్చినప్పుడు ఉలి శబ్దానికి నిద్రపట్టక ఎట్లా ఏడ్చిందో అన్నీ చెప్పింది. జవాబు వస్తుందని చూడలేదు. ఇట్లాంటి మనిషి ఈమెలో ఉందని నేనెప్పుడూ అనుకోలేదు.

ఒక సాయంత్రం గాలి పీల్చి "నంద్యాల, అయ్యలూరు..." అన్నాను. మెట్ట అనడానికి ఊపిరి లేదు. మా అత్త ముఖంలో రంగు పోయింది. అయినా కళ్లు తిప్పుకోలేదు. ఇంకోసారి చెప్పమంది. ఈసారి నంద్యాలతోనే ఆగిపోయింది. ఆమె లేచి వరండాలోకి పోయి, నర్సును కాదు, నేరుగా డాక్టరమ్మనే పట్టుకొచ్చింది. నన్ను ఐసీయూలోకి మార్చి మిషను పక్కనే సిద్ధంగా పెట్టారు. లోపల ఎవరూ ఉండకూడదన్నారు. అద్దం అవతల, నాకు కనబడే చోట, మా అత్త నిలబడింది. కూర్చోమని ఎవరో కుర్చీ తెచ్చారు. కూర్చుంటే నా కంటికి ఆనదని కాబోలు, కూర్చోలేదు.

మిషను పెట్టాల్సిన అవసరం రాలేదు. డాక్టరమ్మ అన్నట్టే అది అక్కడికొచ్చి ఆగింది. మూడు రోజులు ఎటూ కదల్లేదు. నాలుగో రోజు అయ్యలూరు మెట్ట చెప్పగలిగాను. డాక్టరమ్మ స్టెతస్కోపు మెడలో వేసుకుంటూ, దీబగుంట్ల ఎప్పుడు వస్తుందని అడిగింది. అప్పుడు నాకు నవ్వొచ్చింది. ముఖం కదల్లేదు గానీ ఆమెకు తెలిసిపోయింది.

ఆస్పత్రి నుంచి పంపించేటప్పటికి నా అంతట నేను ఊపిరి తీసుకుంటున్నాను, మాట్లాడుతున్నాను, చెంచా పట్టుకుంటున్నాను. కాళ్లు మాత్రం రాలేదు. నంద్యాల ఇల్లు మేడ మీద. అందుకని నన్ను ఆళ్లగడ్డకు తీసుకెళ్లారు.

ఆ ఇంటి వెనకే షెడ్డు. పొద్దున్నే ఉలి దెబ్బలు మొదలయ్యేవి. ఫిజియోథెరపీ చేసే ఆయన వారానికోసారి నంద్యాల నుంచి వచ్చి ఏమేం చేయాలో చూపించి పోయేవాడు. మిగతా రోజులు మా అత్త. కాలు మడిచి చాపడం, మడమ పైకెత్తి పట్టడం, వేళ్లు ఒక్కొక్కటీ లాగడం. ఆమెకు జాలి చూపించడం రాదు. నొప్పి అంటే, ఎక్కడ అని అడిగి, అక్కడ వదిలేసి ఇంకోచోట పట్టుకునేది.

నిలబడ్డం వచ్చాక నడవాలి. పట్టుకు నడిచే కడ్డీలు తెప్పిద్దామని మా ఆయన అంటే, ఇంత రాయి పెట్టుకుని కడ్డీలెందుకు అంది. షెడ్డులో సగం చెక్కిన విగ్రహాలు వరసగా నిలబెట్టి ఉండేవి. ద్వారపాలకుడి గద, అమ్మవారి భుజం, నంది వీపు. నాకు చేయి వేయడానికి భయమేసింది. దేవుళ్లు కదా అన్నాను.

"ఇంకా కండ్లు తెరవలేదులే. అంతవరకూ రాళ్లే. పట్టుకో" అంది.

మా దగ్గర విగ్రహానికి కళ్లు చివరన తెరుస్తారు. అందుకే ఆ చూపులేని దేవుళ్లందరినీ పట్టుకుంటూ, రాతిపొడిలో పాదాలు ఈడ్చుకుంటూ ఆ కొస నుంచి ఈ కొసకు నడిచాను. పనివాళ్లు నావైపు చూడకుండా పని చేసుకునేవాళ్లు. చూడొద్దని ఆమే చెప్పిందట.

అట్లా నడుస్తూ ఒక మధ్యాహ్నం నంది దగ్గర పడిపోయాను. మోకాలు చీరుకుపోయింది. ఒకతను ఉలి పడేసి పరిగెత్తుకొచ్చాడు. మా అత్త చెయ్యెత్తి ఆపింది. నాకు ఒక్కసారిగా దుఃఖం ముంచుకొచ్చింది. ఇక నావల్ల కాదని, ఇంతకాలమైనా ఒక చిన్నపిల్ల నడక కూడా రాలేదని, నన్ను వదిలేయమని ఏడ్చాను. ఆమె లేపలేదు. వచ్చి నా పక్కన ఆ పొడిలోనే చతికిలబడింది.

మామయ్య గురించి ఆమె అంతవరకూ నాతో ఎప్పుడూ మాట్లాడలేదు. చెక్కేటప్పుడు లేచే పొడి ఏళ్ల తరబడి పీల్చి ఆయన ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయని మాత్రం మా ఆయన చెప్పగా విన్నాను.

"కడాకి మీ మామ ఒక మాట తిన్నగా చెప్పలేకపోతాండె" అంది. "సగం మాట, దమ్ము, సగం మాట, దమ్ము. నిన్ను ఆస్పత్రిలో అట్లా చూస్తాంటే నాకు ఆయప్పే కనబడె."

నేను ఏడుపు ఆపి ఆమె వైపు చూశాను. ఆమె నా మోకాలి మీది దుమ్ము కొంగుతో తుడుస్తోంది.

"ఆయప్పకు దినామూ రొంత రొంత పోతాండె. ఏం చేసినా పోయేదే గానీ వచ్చేది లేదు. నేను చూస్తా కూచుంటి. నీకట్ల కాదు. నీకు దినామూ రొంత వస్తాంది. వచ్చేదాన్ని పట్టుకునేకి నీకేమమ్మీ కష్టం?"

తర్వాత ఆమె లేచి చేయి కూడా ఇవ్వకుండా నిలబడింది. నేను నంది మూపురం పట్టుకుని లేచాను. ఎంతసేపు పట్టిందో తెలియదు. లేచేదాకా ఆమె అక్కడే ఉంది. లేచాక, "అన్నం తిందువు రా" అని లోపలికి పోయింది.

ఆ మాటలు నాకు ఊరట కలిగించలేదు. నిజం చెప్పాలంటే కోపం తెప్పించాయి. కానీ ఆ కోపంలో ఒక రకమైన బలం ఉంది. మరుసటి రోజు ఆమె పిలవకముందే నేను షెడ్డులోకి వెళ్లాను.

చలి మొదలయ్యేసరికి కర్ర పట్టుకుని వాకిలి దాకా, తర్వాత వీధి చివర దాకా నడిచాను. కళ్లు మూయడం వచ్చింది. నవ్వితే పెదవులు రెండు పక్కలా కదలడం వచ్చింది. మరుసటి ఏడు బడులు తెరిచినప్పుడు నంద్యాల వచ్చి మళ్లీ ఉద్యోగంలో చేరాను. ఇల్లు మాత్రం కింద భాగంలో తీసుకున్నాం. ఎడమ పాదం ఇప్పటికీ కాస్త చప్పుడు చేస్తూ పడుతుంది. వేళ్ల చివర స్పర్శ పూర్తిగా రాలేదు. సుద్దముక్క జారిపోతే పిల్లలు తీసి ఇస్తారు. పరీక్షల కోసం ఆస్పత్రికి వెళ్లినప్పుడల్లా డాక్టరమ్మ మొదట నన్ను కాకుండా, మీ అత్తగారు ఎట్లున్నారని అడుగుతుంది.

పోయిన సంవత్సరం ఆ డాక్టరమ్మే ఫోన్ చేసింది. ఆత్మకూరు వైపు నుంచి ఒక పెళ్లికావాల్సిన కుర్రాడు వచ్చాడట. బయటి రాష్ట్రంలో పనికి పోయి, దారిలో కడుపు చెడి, ఇంటికొచ్చాక నాకు జరిగినట్టే కాళ్లు, చేతులు, ముఖం పడిపోయాయట. మందు ఎక్కుతోంది. తల్లికి మాత్రం నమ్మకం కుదరడం లేదు. ఏదో గాలి సోకిందని, ఇంటికి తీసుకెళ్లి మంత్రం పెట్టించుకుంటానని పట్టుబట్టిందట. నేను వచ్చి ఒకసారి కనబడితే ధైర్యం వస్తుందేమోనని అడిగింది. వీలైతే మీ అత్తగారిని కూడా తీసుకురండి అంది.

మా అత్తకు చెబితే యాడ అని మాత్రం అడిగింది. మరుసటి పొద్దున బస్సు దిగింది.

ఆ తల్లి మంచం పక్కన నేల మీద కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. కుర్రాడి కళ్లు తెరిచి పైకప్పు వైపు ఉన్నాయి. నేను ఇటునుంచి అటు నడిచి చూపించాను. ఆమె నా పాదాలవైపు చూసింది గానీ, వేరే ఎవరి సంగతో చూస్తున్నట్టు చూసింది. నా మాటలేవీ ఆమె చెవిలో పడలేదు. మా అత్త ఆమె పక్కన కూర్చుని, అన్నం తిన్నావా అని అడిగింది. లేదని తలూపింది. ఆస్పత్రిలో ఏం చేస్తున్నారో, రోగం ఏమిటో మా అత్త ఒక్క ముక్క చెప్పలేదు. లేచి కుర్రాడి దగ్గరికి వెళ్లి, రెండు రెప్పలూ వేళ్లతో మెల్లగా దించి పట్టుకుంది.

"ఇట్ల పట్టుకోవల్ల" అంది ఆ తల్లితో. "వానికి లోపల అంతా తెలుస్తాంది. నువ్వు ఏడ్చేదీ తెలుస్తాంది. ఏడవాలనుకుంటే బయటికి పోయి ఏడ్చి రా. ఈడ కూచున్నప్పుడు మాట్లాడు."

"ఏం మాట్లాడల్ల అక్కా?" అంది ఆమె.

"ఏందైనా. ఇంటికాడి సంగతి చెప్పు."

ఆ తల్లి ముక్కు తుడుచుకుని లేచింది. మా అత్త వేళ్లు తీసిన చోట తన వేళ్లు పెట్టింది. తర్వాత కొడుకు చెవి దగ్గరికి వంగి, తమ ఎనుము మొన్న ఈనిందని, పెయ్యదూడ పుట్టిందని, నుదుట తెల్లమచ్చ ఉందని చెప్పడం మొదలుపెట్టింది. మా అత్త చప్పుడు కాకుండా బయటికొచ్చి, ఆమెకు భోజనం పొట్లం ఎక్కడ దొరుకుతుందో కనుక్కోవడానికి మెట్లు దిగింది. నేను తలుపు దగ్గరే నిలబడి విన్నాను. దూడ పాలు తాగుతోందట, నిన్నటి నుంచి గెంతుతోందట, పేరు నువ్వొచ్చే పెట్టాలంట.